రెండూ పదికి తీసిన ఫొటో

“నాలుగింటికి వస్తున్నా గురువుగారూ. ఆ ముసలమ్మను రెండు జతల బట్టలు సర్దుకోమనండి,” అన్నాడు ఇస్త్రీ ఫోన్లో.

నాకు ఒళ్లు మండిపోయింది. అప్పుడు టైము ఒంటిగంటా ఇరవై. వీడు నాకు ఫోన్ చేసింది మర్యాద కోసం కాదు, నన్ను ఉడికించడం కోసం. ఒకప్పుడు వేలిముద్రల విభాగంలో నా కింద పనిచేశాడు. భూతద్దం ఎటు పట్టుకోవాలో నేర్పింది నేను. ఇప్పుడు ఇన్‌స్పెక్టరు అయ్యాడు. చొక్కా మీద ఎప్పుడూ ఒక్క ముడత కూడా ఉండదు కనుక స్టేషన్లో అందరూ చాటున ఇస్త్రీ అంటారు. నేను మాత్రం ఉద్యోగానికి దణ్ణం పెట్టేసి, ప్రైవేటుగా జనం గొడవలు తవ్వుకుంటూ బతుకుతున్నాను.

ముసలమ్మ అని వాడన్న మనిషికి నిండా యాభై రెండేళ్లు లేవు. ఆసుపత్రిలో ఆపరేషన్ పరికరాలు కడుగుతుంది. ఇరవై రెండేళ్లుగా అదే పని. అక్కడ అందరికీ ఆమె పెద్దమ్మ. ఇరవై అయిదు రోజుల క్రితం ఒక బస్సు డ్రైవరు మోకాలి ఆపరేషన్ చేయించుకున్నాడు. కాలు చీముపట్టి, ఆ విషం ఒళ్లంతా పాకి, వారం తిరిగేసరికి పోయాడు. అతని కాల్లో దొరికిన క్రిమి, అదే రోజు పొద్దున అదే పరికరాలతో ఆపరేషన్ అయిన ఇంకో రోగి పుండులోనూ దొరికింది. అంటే పరికరాలు సరిగా కడగలేదు. కడిగిన మనిషి పెద్దమ్మ. కేసు అంతే.

ఇంకో సంగతి కూడా ఉంది. పోయినవాడి భార్య ఆ కడిగే విభాగానికే ఇన్‌ఛార్జి. ఫిర్యాదు మీద సంతకం ఆవిడదే. పెద్దమ్మ భర్త టైలరు. అతను నా దగ్గరికి వచ్చి ఏడుస్తూ చెప్పింది ఒక్కటే మాట. “మా ఆవిడ ఇంట్లో గ్లాసు కూడా మూడుసార్లు తోముతుందండీ.” ఆ మాట నమ్మి ఒప్పుకున్నాను. సాక్ష్యం అనదగ్గది నా దగ్గర అంతకు మించి ఏమీ లేదు.

ఒంటిగంటా యాభైకి ఆసుపత్రి కింది అంతస్తు చేరాను. తలుపు ఇన్‌ఛార్జే తీసింది. నలభై దాటిన మనిషి, కళ్ల కింద నల్లగా ఉంది. నన్ను లోపలికి రానివ్వదనుకున్నాను. ఆవిడ పక్కకు జరిగి, “ఏం చూడాలో చూసుకోండి. ఏది అడిగినా ఇవ్వమని లోపలివాళ్లకు చెప్పాను,” అని తన గదిలోకి వెళ్లిపోయింది.

పెద్దమ్మ బయట బెంచీ మీద భర్త పక్కన కూర్చుని ఉంది. సస్పెండైన రోజు నుంచి లోపలికి అడుగు పెట్టలేదు. చెయ్యి పట్టి తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టాను.

“అమ్మా, ఆ రోజు జరిగింది గంటలతో సహా చెప్పండి.”

“ఎన్నిసార్లు చెప్పాలి బాబూ? చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతోంది.”

“నాకు చెప్పలేదుగా.”

ఆమె నిట్టూర్చింది. “పన్నెండున్నరకు ట్రే కిందికొచ్చింది. నెత్తురు ఎండిపోయి ఉంది. తడిబట్ట కప్పి పంపండి మహానుభావా అని మొత్తుకుంటాం, పైన వినేదెవరు? నానబెట్టా, రుద్దా, మిషన్లో వేశా. ఒంటిగంటా యాభైకి తీసి, ఎముక కొరికే పటకారును పెట్టెలో పెట్టా.”

పెట్టె అంటే ఆ గదిలో ఓ మూల కంప్యూటరు పక్కనున్న నల్ల పెట్టె. కడిగిన పరికరం మీద ఒక మందు చల్లి, అందులో ఉంచి, నీలం దీపం వేసి కెమెరాతో ఫొటో తీస్తారు. నెత్తురో మాంసమో ఏదైనా సరే, అందులోని ప్రొటీను రవ్వంత మిగిలినా ఆకుపచ్చగా మెరుస్తుంది. మన కంటికి తళతళలాడే ఇనుము ఆ కెమెరాకు దొరికిపోతుంది. కంప్యూటరు ఆ మెరుపును కొలిచి అంకె వేస్తుంది. అయిదు దాటితే ఫెయిలు, మళ్లీ కడగాలి. ట్రేలో పాతిక సామాన్లున్నా ఏదో ఒక్కటి ఫొటో తీస్తే చాలన్నది అక్కడి రూలు.

“ఆ పటకారే ఎందుకు పెట్టారు?”

“దానికి రెండు కీళ్లు. మురికంతా అక్కడే దాక్కుంటుంది. మిగతావాళ్లు కత్తెర పెడతారు, చప్పున పాసవుతుందని. నాకది మనసొప్పదు.”

“ఎంత వచ్చింది?”

“ముప్పై ఒకటి. మళ్లీ కడగాలని ట్రేను సింకు పక్కన పెట్టి, రెండింటికి అన్నానికి వెళ్లా. రెండూ ఇరవైకి వచ్చేశా. చూస్తే ట్రే లేదు.”

“ఏమైందని అడగలేదా?”

“రోజుకు ఎనభై ట్రేలు బాబూ! ఒకటి కనబడకపోతే ఎవరో చేసేశారు, హమ్మయ్య అనుకుంటాం. వెతుక్కుంటూ కూర్చుంటామా?”

కంప్యూటర్లో చూశాను. ఒంటిగంటా యాభై రెండు, పటకారు, ముప్పై ఒకటి, ఫెయిలు. కీళ్ల దగ్గర ఆకుపచ్చ మరక స్పష్టంగా ఉంది. ఆ తర్వాత రెండూ పదికి అదే ట్రే నంబరు, ఒక కత్తెర, సున్నా పాయింట్ నాలుగు, పాసు. రెండూ పెద్దమ్మ పేరు మీదే ఉన్నాయి. మధ్యలో పద్దెనిమిది నిమిషాలు. మళ్లీ కడగాలంటే తక్కువలో తక్కువ యాభై నిమిషాలు పడుతుంది. ట్రేను ఎవరూ కడగలేదు, ఫొటో మాత్రమే మార్చారు. ఆ తర్వాత ఆవిరి పట్టి థియేటరుకు పంపారు. ఆవిరికి క్రిములు చస్తాయి, కానీ ఎండిన నెత్తురు పొర కింద నక్కినవి చావవు.

“మీరు అన్నానికి వెళ్తే, మీ పేరు మీద ఫొటో ఎలా వచ్చింది?”

“పొద్దున ఎవరు ముందొస్తే వాళ్ల పేరుతో తెరుస్తాం. సాయంత్రం దాకా అందరం దాని మీదే. గ్లౌజులు తీసి, పాస్‌వర్డు కొట్టి, చేతులు కడిగి, మళ్లీ గ్లౌజులు తొడుక్కోవాలి. ఎనభై సార్లు ఎవరి తరం?”

“అన్నం తింటుంటే మిమ్మల్ని ఎవరైనా చూశారా?”

“మెట్ల మీద ఒక్కదాన్నే తింటా.”

నా ఖర్మ అనుకుని ఆ నెల ఫొటోలన్నీ వరసగా తిప్పాను. ముప్పావుగంట పట్టింది. కళ్లు మండాయి. పదకొండో రోజు ఫొటోల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. కత్తెర పిడి ఉంగరం పైన కొక్కెంలా వంగిన చిన్న గీటు ఉంది. ఇదే గీటు అంతకుముందు ఎక్కడో చూశాను. వెనక్కి వెళ్లాను. తొమ్మిదో రోజు ఉంది. ఆరో రోజు ఉంది. రెండూ పది ఫొటోలోనూ ఉంది. మొత్తం ముప్పై ఏడు ట్రేలకు ఒకే కత్తెర!

“పెద్దమ్మా, ఈ కత్తెర ఏ ట్రేది?”

ఆమె ముఖం పాలిపోయింది. తల వంచుకుంది.

“నోరు విప్పండి. నాలుగింటికి వాడొస్తాడు.”

“అది ఏ ట్రేదీ కాదు బాబూ. మూడో సొరుగులో గుడ్డ చుట్టి ఉంటుంది. దాన్ని పెళ్లికూతురు అంటాం. ఎప్పుడు ఫొటో తీసినా అందంగా వస్తుందని.” నవ్వబోయి ఆగిపోయింది. “పైనుంచి ట్రే ఏదీ ట్రే ఏదీ అని ప్రాణం తీస్తుంటే, దాన్ని పెట్టి ఫొటో తీసి పంపించేస్తారు.”

“మీరూ వాడారా?”

“వాడా. నాలుగైదు సార్లు. అంకె కాస్త ఎక్కువ వచ్చినప్పుడు. కానీ ఆ రోజు వాడలేదు. నా పిల్లల మీద ఒట్టు.”

తల పట్టుకున్నాను. ఇరవై రెండేళ్లు నిప్పులా పనిచేసిందని నేను ఊరంతా చెప్పుకొచ్చిన మనిషి! కోపంతో గొంతు పెరిగింది. “ఈ మాట ఇంకెవరి ముందైనా అన్నారో, మిమ్మల్ని ఆ దేవుడు కూడా కాపాడలేడు. అర్థమైందా?” ఆమె బెదిరిపోయి తలూపింది.

రెండూ పది ఫొటోను తెర నిండా పెద్దది చేశాను. కంప్యూటరు అంకె లెక్కగట్టేది మధ్యలో ఉన్న చదరం వరకే. పిడి ఉంగరాలు దాని బయట ఉంటాయి. అక్కడ ఎడమ ఉంగరం మీద ఆకుపచ్చగా ఒక బొటనవేలి ముద్ర మెరుస్తోంది. ఒట్టి చేత్తో ముట్టుకుంటే చెమట, చర్మం అంటుకుంటాయి. నీలం దీపం వాటినీ వదలదు. ఇన్నాళ్లుగా ఆ ఫొటోను డాక్టర్లు చూశారు, ఇస్త్రీ చూశాడు, ఆసుపత్రి లాయర్లు చూశారు. అందరూ అంకె చూసి ఊరుకున్నారు, బొమ్మ చూసిన పాపాన పోలేదు.

చక్కటి సుడి ముద్ర. దాన్ని అడ్డంగా కోస్తూ ఒక సన్నటి గాటు.

“చేతులు చాపండి,” అన్నాను.

పెద్దమ్మ చేతులు చాపింది. సబ్బునీళ్లకూ మందులకూ ఒరిసి ఒరిసి వేళ్ల కొసలు నున్నగా అయిపోయాయి. భూతద్దం పెట్టి వెతికినా ఒక్క గీత కనబడలేదు.

“హాజరు మిషను కూడా నా వేలు తీసుకోదు బాబూ. మేడంగారే చెప్పి నాకు కార్డిప్పించారు.”

ఎగిరి గంతేయాలనిపించింది. అప్పుడే వెనక నుంచి బూట్ల చప్పుడు వినిపించింది. ఇస్త్రీ గంట ముందే వచ్చేశాడు. టైము మూడూ అయిదు.

“ఏంటి గురువుగారూ, బొమ్మలు చూస్తున్నారా?”

“నువ్వు చూడనివి చూస్తున్నా. ఇటు రా.”

పద్దెనిమిది నిమిషాల సంగతి, సొరుగులో కత్తెర సంగతి, వేలిముద్ర సంగతి చెప్పాను. వాడు చేతులు కట్టుకుని విన్నాడు. ఎంతైనా నా దగ్గర నేర్చుకున్నవాడు కదా, తగలాల్సిన చోటే కొట్టాడు.

“ఆ కత్తెరను అందరూ ముట్టుకుంటారని మీరే అంటున్నారు. ముద్ర ముందురోజు పడి ఉండొచ్చు. ఈవిడ గ్లౌజులతో తీసి ఫొటో కొట్టి ఉండొచ్చు.”

“అదే రోజు ఒంటిగంటా పదిహేనుకు ఇదే కత్తెర ఇంకో ట్రే కోసం ఫొటోకెక్కింది. చూడు. ముద్ర ఉందా?”

వంగి చూశాడు. “లేదు.”

“రెండూ పదికి ఉంది. మధ్యలో ఎవరో ఒట్టి చేత్తో తీశారు. కడిగేవాళ్లు గ్లౌజుల్లోనే ఉంటారు. ఇంకెక్కడి నుంచో హడావుడిగా వచ్చి, గ్లౌజులు కూడా తొడుక్కోకుండా చేసిన పని ఇది. ఈవిడకు అసలు వేలిముద్రే లేదు. హాజరు మిషను వాళ్లను అడుగు.”

“కంప్యూటర్లో పేరు ఈవిడది. నాకు అది చాలు.”

“నీకు ఎప్పుడూ అంతే చాలు. ఆ రోజుల్లోనూ సగం ముద్ర చూసి మనిషిని లోపలేయించావు. తర్వాత వాడు నిర్దోషి అని తేలితే, సారీ కూడా చెప్పలేదు.”

“మీరు చెప్పారా? ఆ రిపోర్టు మీద రెండో సంతకం మీది కాదూ?”

చెంప మీద కొట్టినట్టయింది. ఆ సంతకం వల్లే నేను ఉద్యోగం వదిలానని వాడికి తెలుసు. తర్వాత వాడే గొంతు తగ్గించి అడిగాడు. “సరే. ఈవిడ ఆ కత్తెరను ఎప్పుడూ వాడలేదంటారా?”

“లేదు,” అన్నాను కళ్లార్పకుండా. పెద్దమ్మ నేలకేసి చూస్తోంది.

“అయితే ఎవరి ముద్రో తేల్చండి. నాలుగింటి దాకా టైమిస్తా.”

షిఫ్టులో ఉన్న అయిదుగురినీ పిలిచాను. ఒక్కొక్కరి చేత శుభ్రమైన స్టీలు పళ్లెం మీద బొటనవేలు నొక్కించి, మందు చల్లి, పెట్టెలో పెట్టి ఫొటో తీశాను. మొదటిది కలవలేదు. రెండోది, మూడోది కలవలేదు. అయిదోది కూడా కలవకపోయేసరికి ఇస్త్రీ గడియారం చూసుకుని చిన్నగా ఈల వేశాడు. ఆ ఈల విని నాకు తిక్క రేగింది.

“ఇంకొకరున్నారు. ఇన్‌ఛార్జిగారిని పిలవండి.”

“మీకు మతి పోయిందా?” అని అరిచాడు ఇస్త్రీ. “మొగుడు పోయి నెల కాలేదు. ఆవిడ చేత వేలిముద్ర వేయిస్తారా? సిగ్గుండాలి.”

“అందరిదీ అంటే అందరిదీ.”

నిజం చెప్పాలంటే నాకు ఆవిడ మీద రవ్వంత అనుమానం కూడా లేదు. వాడు వద్దన్నాడు కనుక కావాలన్నాను. అంతకంటే గొప్ప తెలివేమీ ఆ నిమిషంలో నా బుర్రలో లేదు.

పిలవక్కర్లేకపోయింది. ఆవిడ తన గది గుమ్మంలోనే నిలబడి ఉంది. నెమ్మదిగా వచ్చి పళ్లెం అందుకుంది.

“ఇప్పుడే చేతులు కడుక్కున్నాను. కడిగిన చేతికి ముద్ర సరిగా పడదు,” అంటూ బొటనవేలిని నుదుటి మీద ఒకసారి రాసుకుని, పళ్లెం మీద నొక్కింది. మందు తనే చల్లింది. పెట్టెలో తనే పెట్టి, మూత వేసి, మీట నొక్కింది. ఎన్ని వేలసార్లు చేసిన పనో, చెయ్యి ఎక్కడా తడబడలేదు.

తెర మీద ముద్ర వచ్చింది. సుడి. దాన్ని అడ్డంగా కోస్తూ సన్నటి గాటు.

ఇస్త్రీ ఒకసారి తెర వైపు, ఒకసారి ఆవిడ వైపు చూశాడు. “మేడం, ఇది...”

“నాదే,” అంది ఆవిడ. “ఎవరైనా బొమ్మను చూస్తారేమోనని రోజూ ఎదురుచూస్తున్నాను. ఎవరూ చూడలేదు.”

పెద్దమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఆయన ఆపరేషన్ అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. డాక్టరు మూడింటి దాకానే చూస్తానన్నారు. ట్రే లేకపోతే మళ్లీ పై వారమే. రెండింటికి ఆయన వార్డు నుంచి ఫోన్ చేశాడు. ‘నిన్న రాత్రి నుంచి మంచినీళ్లు కూడా లేవు, ఆకలేస్తోందే, మీవాళ్లను కాస్త తొందరపెట్టు’ అన్నాడు. వచ్చి చూస్తే ట్రే సింకు పక్కన ఉంది.”

“ఫెయిలయిందని మీకు తెలుసా?” అని అడిగాను.

“తెర మీదే ఉంది కదండీ, ముప్పై ఒకటి అని. అరవై వచ్చినవి కూడా పంపాం ఇక్కడి నుంచి. ఎవరికీ ఏమీ కాలేదు.” ఆగింది. “కాలేదని నాకెలా తెలుసు? ఎవరూ తిరిగొచ్చి చెప్పలేదు, అంతే.”

“మరి ఈ ఫిర్యాదు?” ఇస్త్రీ గొంతు పూర్తిగా దిగిపోయింది.

“మా మరిది రాసుకొచ్చాడు. ఇంటినిండా జనం. ఎవరు చేశారు, ఎవరు చేశారని ఒకటే అరుపులు. సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. తర్వాత వెనక్కి తీసుకునే ధైర్యం రాలేదు.”

అప్పుడు పెద్దమ్మ లేచింది. ఆమె అంత కోపంగా మాట్లాడగలదని నేను అనుకోలేదు. “రోజూ మా ముందు నుంచే నడిచి వెళ్లారు మేడం. మా ఆయన పని మానుకుని ఆ బెంచీ మీద కూర్చున్నాడు. ఒక్కరోజు ఆగి, పెద్దమ్మా, నువ్వు కాదు అని నా చెవిలో చెప్పినా సరిపోయేది. నేనెవరికీ చెప్పకపోదును.”

ఇన్‌ఛార్జి ఏడవలేదు. పళ్లెం మీది ముద్రను బట్టతో తుడవబోయి, తుడవకూడదని గుర్తొచ్చినట్టు ఆగి, కింద పెట్టేసింది.

ఇస్త్రీ గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, మీరు ఇంటికి వెళ్లొచ్చు. మీ మీద కేసు ఉండదు. నేను చూసుకుంటాను.”

నాకు హాయిగా ఊపిరాడింది. పదండి అన్నట్టు పెద్దమ్మ భుజం మీద చెయ్యి వేశాను. ఆమె కదల్లేదు.

“అయ్యా, నేనూ ఆ కత్తెర వాడాను.”

“పెద్దమ్మా!” అన్నాను పళ్లు కొరుకుతూ.

“ఉండు బాబూ. మేడంగారి ఆయన సంగతి, ఆవిడ ఇక్కడే ఉన్నారు కనుక తెలిసింది. నేను నాలుగైదు ట్రేలు అలాగే పంపాను. అవి ఎవరి కాళ్లలోకి వెళ్లాయో, ఎవరి కడుపుల్లోకి వెళ్లాయో నాకు తెలీదు. వాళ్లలో ఎవరైనా పోయారేమో మీరైనా చూడండి. లేకపోతే నాకు ఇంట్లో నిద్ర పట్టదు.”

బయట బెంచీ మీంచి టైలరు తొంగి చూస్తున్నాడు. అతనికి సగమే వినబడినట్టుంది, నవ్వు ముఖంతో ఉన్నాడు.

ఇస్త్రీ నా వైపు చూస్తాడనుకున్నాను, అబద్ధం ఆడారేం అని అడుగుతాడనుకున్నాను. చూడలేదు. స్టూలు లాక్కుని పెద్దమ్మకు ఎదురుగా కూర్చుని, జేబులోంచి పెన్ను తీశాడు.

“ఏయే తేదీలో గుర్తున్నాయా అమ్మా?”